ప్రిటోరియా, 1956 ఆగస్టు 9: నాలుగు జాతుల ఆడవాళ్ళ ప్రదర్శన వెనక జరిగిన పని

గోదారిగట్టు

మా మహిళా అధ్యయన వేదిక తరఫున ఈసారి ఆగస్టు 9కి ఎనిమిది చార్టుల ప్రదర్శన పెడుతున్నాం. విషయం: 1956లో దక్షిణాఫ్రికా ఆడవాళ్ళు పాస్ చట్టాలకు (ఆఫ్రికన్లు ఎప్పుడూ అనుమతి పుస్తకం వెంట ఉంచుకోవాలనే చట్టాలకు) వ్యతిరేకంగా ప్రిటోరియాలోని ప్రభుత్వ కార్యాలయాల భవనం యూనియన్ బిల్డింగ్స్ ముందు చేసిన ప్రదర్శన. కాగితాల కట్టలు మోస్తున్న నలుగురి ఫోటో అందరికీ తెలుసు. లిలియన్ ఎన్‌గోయి ఆఫ్రికన్, హెలెన్ జోసెఫ్ తెల్లజాతి, రహీమా మూసా భారత సంతతి, సోఫియా విలియమ్స్ ప్రభుత్వం లెక్కలో 'కలర్డ్', అంటే మిశ్రమ సంతతి. ఆ ఫోటో అతికించి "ఐక్యతకు చిహ్నం" అని కింద రాసేస్తే సరిపోదు. జాతికో పేట, జాతికో బడి, జాతికో రైలు పెట్టె ఉన్న దేశంలో 20,000 మంది ఒకే రోజు ఒకే చోటికి ఎలా చేరారు? సంఘం లోపల సభ్యత్వం ఎలా నడిచింది? ఎక్కడ బెడిసికొట్టింది? తెలుగువాళ్ళకు దీంతో నిజమైన సంబంధం ఏమైనా ఉందా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

పాతకాగితం

సంఘం కట్టుబడితో మొదలుపెట్టండి, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది.

ఆ ప్రదర్శన నడిపిన సంఘం, ఫెడరేషన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికన్ విమెన్, 1954 ఏప్రిల్ 17న జోహన్నెస్‌బర్గ్‌లోని ట్రేడ్స్ హాల్లో ఏర్పడింది. దాదాపు 150 మంది ప్రతినిధులు వచ్చారు, 2,30,000 మంది ఆడవాళ్ళ తరఫున వచ్చామని ప్రకటించారు. ఐడా ఎంట్వానా అధ్యక్షురాలు, రే అలెగ్జాండర్ కార్యదర్శి. అదే సభలో మహిళల హక్కుల పత్రం ఆమోదించారు. ఓటు, సమాన వేతనం, ఆస్తి, పెళ్ళి, పిల్లల మీద తల్లికి హక్కు, ప్రసూతి సౌకర్యాలు అన్నీ అందులో ఉన్నాయి. తమ ఉద్యమంలోని మగవాళ్ళ ధోరణిని కూడా అది విడిచిపెట్టలేదు.

మీరు అడిగిన సభ్యత్వం విషయంలో మొదటి నుంచీ పేచీ ఉంది. ఏ జాతి ఆడమనిషైనా నేరుగా వచ్చి సభ్యురాలు కావచ్చు అన్నట్టు ఉండాలని రే అలెగ్జాండర్ వైపువాళ్ళు కోరారు. ఆఫ్రికన్ల ప్రధాన రాజకీయ సంస్థ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ) ఒప్పుకోలేదు. అలా చేస్తే తమ మహిళా విభాగంలోని వాళ్ళంతా కొత్త సంఘానికి తరలిపోతారని వాళ్ళ భయం. చివరికి సంఘాలే సభ్యులు అన్న పద్ధతి నిలిచింది. ఆఫ్రికన్ ఆడవాళ్ళు ఏఎన్‌సీ మహిళా విభాగం ద్వారా, భారతీయులు ఇండియన్ కాంగ్రెస్ ద్వారా, కలర్డ్ ఆడవాళ్ళు తమ పీపుల్స్ ఆర్గనైజేషన్ ద్వారా, తెల్లవాళ్ళు కాంగ్రెస్ ఆఫ్ డెమొక్రాట్స్ ద్వారా ఇందులోకి వచ్చారు. అప్పట్లో ఏఎన్‌సీలో ఆఫ్రికన్లకే సభ్యత్వం. మిగతా జాతులకు తలుపు తెరిచింది 1969లో. కాబట్టి జాతుల గీత దాటిన ఈ సంఘం కూడా జాతులవారీ సంఘాల మీదే నిలబడాల్సి వచ్చింది.

దానివల్ల ఒక లాభం, ఒక నష్టం. పేటపేటలో అప్పటికే ఉన్న శాఖలు, కరపత్రం పంచే మనుషులు, చందా వసూలు చేసే అలవాటు మొదటి రోజు నుంచే దొరికాయి. అది లాభం. నష్టం 1960లో తెలిసొచ్చింది, ఆ సంగతి తర్వాత.

మర్రినీడ

పై సందేశానికి చిన్న చేర్పు. ఈ ఆడవాళ్ళకు ఒకరితో ఒకరికి పరిచయం ఎక్కడిది అంటే, ఎక్కువగా కార్మిక సంఘాల నుంచి. రే అలెగ్జాండర్ 1941లో కేప్‌లో పండ్లు, చేపలు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ కార్మికులకు ఫుడ్ అండ్ క్యానింగ్ వర్కర్స్ యూనియన్ పెట్టింది. చట్టం ఆఫ్రికన్లను అదే సంఘంలో ఉండనివ్వకపోతే, కాగితం మీద ఆఫ్రికన్ల పేరుతో రెండో సంఘం నమోదు చేసి పని మాత్రం కలిసే నడిపారు. పోర్ట్ ఎలిజబెత్‌లో ఫ్రాన్సెస్ బార్డ్, పార్ల్‌లో ఎలిజబెత్ మఫెకెంగ్ ఆ సంఘం నుంచి ఎదిగినవాళ్ళు. రహీమా మూసా కూడా కేప్‌టౌన్‌లో ఆ సంఘంలో పనిచేసిన మనిషే. సోఫియా విలియమ్స్ పోర్ట్ ఎలిజబెత్‌లో బట్టల మిల్లు కార్మికుల సంఘం మనిషి. ఎన్‌గోయి కుట్టుమిషన్ కార్మికురాలు. హెలెన్ జోసెఫ్ ట్రాన్స్‌వాల్ దుస్తుల పరిశ్రమ కార్మికుల వైద్య సహాయ నిధికి కార్యదర్శి. జీతం, పని గంటలు, ప్రసవానికి సెలవు లాంటి విషయాల మీద కలిసి కూర్చున్న అలవాటు ముందు ఉంది, రాజకీయం తర్వాత వచ్చింది. ఒక చార్టు దీనికే కేటాయించండి.

చట్టంచదువు

పాస్ అంటే ఏమిటో చెప్పకుండా ఈ కథ అర్థం కాదు. 1952లో వచ్చిన 67వ నంబరు చట్టం పేరులో "పాస్‌ల రద్దు" అనే మాట ఉంటుంది. చేసింది ఏమిటంటే, ఉన్న రకరకాల పాస్‌లన్నీ తీసేసి 'రిఫరెన్స్ బుక్' అనే ఒకే పుస్తకంలోకి చేర్చింది. ఫోటో, నమోదు సంఖ్య, ఊళ్ళో ఉండటానికి అనుమతి, పన్ను కట్టిన గుర్తు, నెలనెలా యజమాని పెట్టాల్సిన సంతకం, అన్నీ అందులోనే. పోలీసు అడిగినప్పుడు ఒంటిమీద లేకపోతే నేరం. ఇంట్లో మర్చిపోయానంటే కుదరదు.

దీనికి జోడీగా పట్టణ ప్రాంతాల చట్టంలోని 10వ సెక్షన్. దాని ప్రకారం ఆఫ్రికన్ మనిషి పట్టణంలో 72 గంటలకు మించి ఉండాలంటే ఇవి కావాలి: అక్కడే పుట్టి అక్కడే ఉంటూ ఉండాలి, లేదా ఒకే యజమాని దగ్గర విడవకుండా 10 ఏళ్ళు పనిచేసి ఉండాలి, లేదా 15 ఏళ్ళు విడవకుండా చట్టబద్ధంగా అక్కడ నివసించి ఉండాలి, లేదా అలాంటి హక్కున్నవాడి భార్యో పెళ్ళికాని బిడ్డో అయి ఉండాలి. ఇవేవీ కాకపోతే ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. ఆడవాళ్ళకు పాస్ వస్తే జరిగేది దీన్నిబట్టి ఊహించవచ్చు. భర్త చనిపోయినా, వదిలేసినా పట్టణంలో ఉండే హక్కే పోయే ప్రమాదం. దారిలో పట్టుకుని తీసుకెళ్తే ఇంట్లో చంటిబిడ్డ సంగతి ఎవరికీ తెలియదు. తల్లులు భయపడింది ముఖ్యంగా దీనికే.

ఆడవాళ్ళకు 1956 జనవరి నుంచి పాస్‌లు ఇస్తామని ఆఫ్రికన్ల వ్యవహారాల మంత్రి వెర్వోర్డ్ 1955లో ప్రకటించాడు. అధికారులు పెద్ద నగరాలతో మొదలుపెట్టలేదు. సంఘాలు బలంగా లేని చిన్న ఊళ్ళనూ పొలాల ప్రాంతాలనూ ఎంచుకున్నారు. 1956 మార్చిలో ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లోని విన్‌బర్గ్‌లో 1,429 మంది ఆడవాళ్ళకు పుస్తకాలు పంచారు. ఎన్‌గోయి అక్కడికి వెళ్ళి మాట్లాడింది. తర్వాత ఆ ఊరి ఆడవాళ్ళు పుస్తకాలు తెచ్చి న్యాయాధికారి కార్యాలయం ముందు తగలబెట్టారు. పుస్తకం తీసుకోకపోవడం అప్పటికి నేరం కాదు, తీసుకున్నాక కాల్చడం నేరం. అందుకని అరెస్టులు జరిగాయి. పుస్తకం లేనిదే ముసలివాళ్ళకు పింఛను ఇవ్వమన్నారు. చట్టం రాకముందే జనం దారికి వచ్చేలా చేసే ఎత్తు ఇది. 'నిరాకరణ' గురించి రాసే చార్టులో ఈ తేడా తప్పక చూపించండి.

నల్లరేగడి

గోదారిగట్టు గారూ, శీర్షికలోని "నాలుగు జాతుల ఆడవాళ్ళు" అన్న మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఆ రోజు వచ్చినవాళ్ళలో అత్యధికులు ఆఫ్రికన్ ఆడవాళ్ళు. పాస్ పుస్తకం పడింది వాళ్ళ నెత్తిన మాత్రమే. తెల్లవాళ్ళకు, భారతీయులకు, కలర్డ్ ఆడవాళ్ళకు ఆ పుస్తకం లేదు. నలుగురి ఫోటో చూసి నాలుగు సమాన భాగాలని అనుకుంటే ఆఫ్రికన్ ఆడవాళ్ళ కష్టాన్ని మనం నాలుగో వంతుకు తగ్గించినట్టే.

అందులోనూ ఇది వాళ్ళకు కొత్త పోరాటం కాదు. 1913లోనే బ్లోమ్‌ఫాంటైన్‌లో ఆడవాళ్ళు పాస్‌లు కొనడానికి నిరాకరించి జైలుకు వెళ్ళారు. షార్లెట్ మక్సెకే పేరు అక్కడి నుంచే వినపడుతుంది. 1918లో ఆమే బంటూ విమెన్స్ లీగ్ స్థాపించింది. 1956 నాటి ఆడవాళ్ళకు ఈ చరిత్ర అంతా తెలుసు. మొదటి చార్టు బ్లోమ్‌ఫాంటైన్‌తో మొదలవ్వాలని నా పట్టుదల.

పాతకాగితం

నల్లరేగడి గారు చెప్పింది న్యాయం. అయితే మిగతా మూడు జాతుల ఆడవాళ్ళు ఎందుకు కావాల్సి వచ్చారో కూడా రాయాలి. టైపింగు, కారు, కార్యాలయం, అనుమతి లేకుండా ఎక్కడికైనా ప్రయాణం చేసే వెసులుబాటు, ఇవి ఎవరి దగ్గర ఉన్నాయో చూస్తే పని ఎలా పంచుకున్నారో తెలుస్తుంది. 1956 ప్రదర్శనకు ముందు హెలెన్ జోసెఫ్, బెర్తా మషాబా, రాబర్ట్ రేషా, నార్మన్ లెవీ కలిసి కారులో దేశంలోని ముఖ్య పట్టణాలు తిరిగారు. ఇద్దరు తెల్లవాళ్ళు, ఇద్దరు ఆఫ్రికన్లు. అలాంటి కారు ఆ రోజుల్లో ఏ ఊళ్ళో ఆగినా పోలీసుల కళ్ళు దాని మీదే. అయినా ఊరూరా శాఖలతో నేరుగా మాట్లాడటానికి వేరే దారి లేదు.

ఇక 20,000 మంది ఎలా చేరారన్నది. 1956ను అర్థం చేసుకోవాలంటే 1955 అక్టోబర్ 27 చూడాలి. అది ఒక రకంగా సాధన. సుమారు 2,000 మంది అదే యూనియన్ బిల్డింగ్స్‌కు వెళ్ళారు. అప్పుడు పెద్ద దెబ్బ రవాణా దగ్గర తగిలింది. అద్దె బస్సులకు రవాణా బోర్డు అనుమతి ఇవ్వలేదు. చివరి నిమిషంలో జనాన్ని రైళ్ళకూ సొంత కార్లకూ మళ్ళించారు. ఒకే రకం రవాణా మీద ఆధారపడితే ఒక్క అధికారి సంతకంతో అంతా ఆగిపోతుందని ఆ రోజు తేలింది.

1956కి తీసుకున్న జాగ్రత్తలు నాకు తెలిసినంతవరకు ఇవి.

వారం చూసి రోజు ఎంచుకున్నారు. ఆగస్టు 9 గురువారం. తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు ఆనవాయితీగా సెలవు దొరికేది గురువారమే. 1955 అక్టోబర్ 27 కూడా గురువారమే, అది కాకతాళీయం కాదు. కొందరు తాము పెంచుతున్న తెల్లవాళ్ళ పిల్లల్ని వీపున కట్టుకునే వచ్చారు.

ప్రిటోరియాలో ఆ రోజు ఊరేగింపులు నిషేధించారు. దాంతో ఊరేగింపు అనే మాటే లేకుండా చేశారు. బ్యానర్లు లేవు, వరుసలు లేవు, నినాదాలు లేవు. ముగ్గురికి మించకుండా చిన్న చిన్న గుంపులుగా, ఎవరి దారిన వాళ్ళు నడుస్తున్నట్టు కొండ మీది భవనం వైపు కదిలారు. ఇద్దరు ముగ్గురు నడిచిపోవడాన్ని ఊరేగింపు అని కేసు పెట్టడం కష్టం. ఈ పద్ధతికి గంటల తరబడి సమయం పడుతుంది. కాబట్టి పైకి ముందు చేరినవాళ్ళు అర్ధచంద్రాకారంలో ఉండే మెట్ల వేదికలో కూర్చుని వెనకవాళ్ళ కోసం ఓపికగా ఎదురుచూడాలి. అంత ఓపిక ఉండాలంటే ముందే శాఖల్లో చెప్పి ఉంచాలి.

అర్జీ కూడా అందరిదీ కలిపి ఒక్కటి కాదు. అచ్చు వేసిన పత్రం మీద ఎవరికి వాళ్ళే సంతకం పెట్టారు. నాయకుల్ని పట్టుకుంటే విషయం ముగిసిపోకుండా ప్రతి ఆడమనిషీ స్వయంగా ఫిర్యాదు చేసినట్టు అయింది. నాయకురాళ్ళు మోసింది ఆ పత్రాల కట్టలే. ప్రధాని స్ట్రైడమ్ కార్యాలయంలో లేడు. కట్టలు అక్కడే పెట్టి వచ్చారు. తర్వాత 30 నిమిషాలు అందరూ చెయ్యెత్తి మౌనంగా నిలబడ్డారు. వేలమంది, వీపున పిల్లలు, అయినా చడీచప్పుడూ లేదు. మైకు లేకుండా, ప్రసంగం లేకుండా అంత జనాన్ని ఒక్క మాట మీద ఉంచిన సంగతి చార్టులో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

గోదారిగట్టు

చాలా ఉపయోగపడే వివరాలు. శీర్షిక మారుస్తాం, మొదటి చార్టు బ్లోమ్‌ఫాంటైన్‌దే.

రెండు ప్రశ్నలు. బ్లాక్ సాష్ అనే తెల్ల ఆడవాళ్ళ సంఘం ఇందులో ఎక్కడ వస్తుంది? డర్బన్‌లో మనవాళ్ళు ఎక్కువ కదా, భారతీయ ఆడవాళ్ళ పని రహీమా మూసాతో ఆగిపోతుందా?

తూర్పుకనుమ

బ్లాక్ సాష్, ఫెడరేషన్ ఒకటి కావు. రెండిటినీ ఒకే చార్టులో కలిపితే గందరగోళం అవుతుంది.

బ్లాక్ సాష్ 1955 మే నెలలో జోహన్నెస్‌బర్గ్‌లో ఆరుగురు తెల్ల ఆడవాళ్ళతో మొదలైంది. కేప్ ప్రాంతంలో కలర్డ్ మగవాళ్ళకున్న ఓటు హక్కును రాజ్యాంగాన్ని వంచి తీసేస్తున్నారన్నది వాళ్ళ మొదటి అభ్యంతరం. తెల్లచొక్కా మీద నల్లటి పట్టీ అడ్డంగా వేసుకుని, రాజ్యాంగానికి సంతాపం అన్నట్టు, మంత్రులు వచ్చే దారుల్లో మౌనంగా నిలబడేవారు. ఓటు ఉన్న ఆడవాళ్ళకే సభ్యత్వం. 1930లో ఓటు వచ్చింది తెల్ల ఆడవాళ్ళకు మాత్రమే కాబట్టి అది తెల్లవాళ్ళ సంఘం అయింది. ఆ నియమాన్ని 1963లో తీసేశారు. 1955లో తెల్ల ఆడవాళ్ళు యూనియన్ బిల్డింగ్స్ ముందు నిలబడగా లేనిది మనమెందుకు వెళ్ళకూడదన్న ఆలోచనే ఫెడరేషన్‌ను అక్టోబర్ ప్రదర్శనకు ప్రేరేపించింది. తేడా ఏమిటంటే, ఫెడరేషన్ అన్ని జాతులనూ పిలిచింది.

నా దృష్టిలో బ్లాక్ సాష్ చేసిన అసలు పని వీధుల్లో నిలబడటం కాదు, బల్ల ముందు కూర్చోవడం. కేప్‌టౌన్‌లో పాస్ కేసుల్లో పట్టుబడిన ఆడవాళ్ళకు జామీను కట్టే నిధితో మొదలుపెట్టి, 1958లో ఆథ్లోన్‌లో సలహా కార్యాలయం తెరిచారు. జామీను కడితే తల్లి ఆ రాత్రికి పిల్లల దగ్గరికి వెళ్తుంది, కేసు మాత్రం అలాగే ఉంటుంది. కేసు గెలవాలంటే పైన చట్టంచదువు గారు చెప్పిన 10వ సెక్షన్ కింద హక్కు ఉందని రుజువు చేయాలి. "విడవకుండా 15 ఏళ్ళు" అంటే ఏ ఏడాదికి ఆ ఏడాది కాగితం కావాలి. అద్దె రసీదు ఉందా, బడిలో పేరు ఉందా, చర్చిలో బాప్తిస్మం నమోదు ఉందా, యజమాని ఉత్తరం ఇస్తాడా అని ఒక్కొక్కటీ వెతికి వరుస పేర్చాలి. మధ్యలో ఏడాదికి కాగితం దొరక్కపోతే వరుస తెగినట్టే. ఆఫ్రికన్ ఆడవాళ్ళు దుబాసీలుగా, సలహాదారులుగా పక్కన లేకుండా ఈ పని ఒక్కరోజు కూడా నడిచేది కాదు.

ఏళ్ళ తరబడి పోగైన ఆ ఫైళ్ళే తర్వాత కోర్టులో అక్కరకొచ్చాయి. 1980లో కొమానీ కేసులో, పట్టణ హక్కున్న మగవాడి భార్య అతనితో ఉండటానికి వేరే అనుమతి అక్కర్లేదని పై కోర్టు తేల్చింది. 1983లో రిఖోటో కేసు ఇంకా ఆసక్తికరం. వలస కార్మికుల చేత ఏటా ఊరికి వెళ్ళి కొత్త ఒప్పందం మీద తిరిగి వచ్చేలా చేసేవారు, కాబట్టి 10 ఏళ్ళ ఉద్యోగం 'విడవకుండా' జరిగినట్టు కాదని అధికారుల వాదన. ఆ విరామం లెక్కలోకి రాదని కోర్టు చెప్పింది. వేలమందికి పట్టణంలో స్థిరంగా ఉండే దారి తెరుచుకుంది. జోహన్నెస్‌బర్గ్ కార్యాలయాన్ని నడిపిన షీనా డంకన్ పేరు ఇక్కడ తప్పక రాయండి.

డర్బన్‌దారి

డర్బన్ సంగతికి వస్తే, అక్కడ గీత ముఖ్యంగా నలుపు తెలుపుల మధ్య కాదు, ఆఫ్రికన్లకూ భారతీయులకూ మధ్య. 1949 జనవరిలో జరిగిన అల్లర్లలో 142 మంది చనిపోయారు. వారిలో 87 మంది ఆఫ్రికన్లు, 50 మంది భారతీయులు. భారతీయుల ఇళ్ళు, దుకాణాలు తగలబడ్డాయి. డర్బన్‌లోని కేటో మేనర్ అనే పేటలో ఇరువర్గాలూ పక్కపక్కనే బతికేవి. ఆ గాయం మీద "మనమంతా ఒక్కటే" అని ఉపన్యాసం ఇస్తే ఎవరూ వినరు.

1952 అక్టోబర్‌లో డర్బన్ అండ్ డిస్ట్రిక్ట్ విమెన్స్ లీగ్ మొదలైంది. బెర్తా ఎంఖీజే అధ్యక్షురాలు, ఫాతిమా మీర్ కార్యదర్శి. వాళ్ళు ఎంచుకున్న పని ఏమిటో చూడండి: కేటో మేనర్‌లో పిల్లల సంరక్షణ కేంద్రం నడపడం, పాలు పంచడం. రోజూ ఎవరో ఒకరు అక్కడ ఉండాల్సిన పని అది. మూడేళ్ళ కిందట ఒకరినొకరు చంపుకున్న చోట మాట కలవాలంటే రోజూ ఎదురుపడే పని కావాలి. ప్రభుత్వం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు, 1954కల్లా ఫాతిమా మీర్ మీద నిషేధ ఉత్తర్వు వచ్చింది.

1959లో అదే కేటో మేనర్‌లో ఆఫ్రికన్ ఆడవాళ్ళు మునిసిపల్ బీరు హాళ్ళ మీద తిరగబడ్డారు. ఇళ్ళలో బీరు కాచుకుని పిల్లల్ని పోషించుకునేవాళ్ళను పోలీసులు పట్టుకుంటుంటే, మగవాళ్ళ కూలి డబ్బు మునిసిపాలిటీ హాళ్ళలో పోతోందని వాళ్ళ ఆగ్రహం. డొరొతీ న్యెంబే, ఫ్లోరెన్స్ ఎంఖీజే ఆ పోరాటంలో ముందున్నవాళ్ళు. అది ఆఫ్రికన్ ఆడవాళ్ళ సొంత పోరాటం, దాన్ని తీసుకొచ్చి ఐక్యత చార్టులో కలపకండి.

తెలుగు సంబంధం అంటారా. 1860 నుంచి 1911 వరకు చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా నాటాల్‌కు వెళ్ళిన సుమారు 1,52,000 మందిలో మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కిన తెలుగువాళ్ళు గణనీయంగా ఉన్నారు. వాళ్ళ వారసులు 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1913లో భారతీయ ఆడవాళ్ళు సత్యాగ్రహంలో చేరి జైలుకు వెళ్ళారు. క్రైస్తవేతర పెళ్ళిళ్ళు చెల్లవన్న తీర్పు, మాజీ కూలీల మీద 3 పౌన్ల పన్ను అందుకు కారణాలు. గమనించాల్సింది ఏమంటే, అదే ఏడాది బ్లోమ్‌ఫాంటైన్‌లో ఆఫ్రికన్ ఆడవాళ్ళు కూడా జైలుకు వెళ్తున్నారు. రెండు పోరాటాలూ ఒకే ప్రభుత్వం మీద నడిచాయి గానీ కలవలేదు. 1913ను, 1956ను పక్కపక్కన పెడితే ఈ నలభై ఏళ్ళలో ఏం మారిందో చూసేవాళ్ళకు అర్థమవుతుంది.

మర్రినీడ

దక్షిణాఫ్రికా పోరాటంలో నాయుడు ఇంటిపేరున్న ఆడవాళ్ళు చాలామంది కనిపిస్తారు. శాంతి నాయుడు 1969లో నెలల తరబడి ఒంటరి గదిలో ఉండి కూడా విన్నీ మండేలాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనని కోర్టులోనే నిరాకరించింది. కానీ పేరు చివర నాయుడు ఉంది కదా అని తెలుగు ఖాతాలో వేసేయకండి. అక్కడ తమిళం మాట్లాడే నాయుడు కుటుంబాలు ఎన్నో.

నమ్మకంగా రాసుకోదగ్గ సంబంధం ఒకటి ఉంది, అది మన హైదరాబాద్‌తోనే. హెలెన్ జోసెఫ్ ఇంగ్లండ్‌లో పుట్టి, లండన్‌లో చదువు ముగించాక 1927 నుంచి 1930 వరకు హైదరాబాద్‌లోని మహబూబియా బాలికల పాఠశాలలో పాఠాలు చెప్పింది. గన్‌ఫౌండ్రీలో ఇప్పటికీ ఉన్న బడే. అక్కడి నుంచే 1931లో డర్బన్ చేరింది. ప్రదర్శన హైదరాబాద్‌లో అయితే ఆ బడి ఫోటో పెట్టండి, పిల్లలు ఆగి చదువుతారు.

నల్లరేగడి

ఆ ఫోటో పెట్టండి గానీ, హైదరాబాద్ వల్లే ఆమె ఉద్యమంలోకి వచ్చిందన్న అర్థం రాకుండా చూడండి. ఆమె కళ్ళు తెరిపించింది 1951 తర్వాత దుస్తుల కార్మికులతో చేసిన ఉద్యోగం.

పాతకాగితం

ఇక బెడిసికొట్టిన చోట్లు. మూడు చెప్తాను.

ఒకటి, నిషేధ ఉత్తర్వులు. 1950 నాటి కమ్యూనిజం అణచివేత చట్టం కింద ఎవరినైనా సభలకు వెళ్ళకుండా, సంఘాల్లో ఉండకుండా, ఊరు దాటకుండా ఆపవచ్చు. విచారణ అక్కర్లేదు. ఫెడరేషన్ పుట్టగానే రే అలెగ్జాండర్‌ను అలా తప్పించారు, డోరా తమానా బాధ్యత తీసుకుంది. 1956లో కార్యదర్శి పని హెలెన్ జోసెఫ్ చేతికి, అధ్యక్ష పదవి ఎన్‌గోయి చేతికి వచ్చాయి. అదే ఏడాది డిసెంబర్‌లో 156 మందిని రాజద్రోహం కేసులో పట్టుకున్నప్పుడు వీళ్ళిద్దరూ అందులో ఉన్నారు. కేసు 1961 మార్చి 29న వీగిపోయింది, అందరూ నిర్దోషులు. కానీ నాలుగేళ్ళు కోర్టు బోనులో గడిచిపోయాయి.

రెండు, 1958 అక్టోబర్‌లో జోహన్నెస్‌బర్గ్‌లో వచ్చిన తగాదా. పాస్‌లు ఇవ్వడం నగరానికి చేరగానే ఆడవాళ్ళు పాస్ కార్యాలయాల ముందుకు వెళ్ళి వందల్లో అరెస్టయ్యారు, మొత్తం దాదాపు 2,000 మంది. జామీను వద్దు, జరిమానా వద్దు, జైళ్ళు నింపేద్దామన్నది ఫెడరేషన్ మాట. ఏఎన్‌సీ నాయకత్వం ఒప్పుకోలేదు, డబ్బు కట్టి విడిపించింది. ఇంట్లో పిల్లల్ని చూసేవాళ్ళు లేరన్నది నిజమైన ఇబ్బందే. మగవాళ్ళ ఒత్తిడి కూడా అంతే నిజం. నా ఉద్దేశంలో ఇది ఫెడరేషన్ నడ్డి విరిచిన నిర్ణయం. మళ్ళీ అంత స్థాయిలో జోహన్నెస్‌బర్గ్ కదలలేదు.

మూడు, మొదట చెప్తానన్న నష్టం. 1960 ఏప్రిల్ 8న ఏఎన్‌సీని నిషేధించారు. దాంతో ఏఎన్‌సీ మహిళా విభాగం పోయింది. సంఘాలే సభ్యులు కాబట్టి ఫెడరేషన్ ఆఫ్రికన్ సభ్యత్వంలో అధిక భాగం ఒక్క ఉత్తర్వుతో మాయమైంది. ఫెడరేషన్‌ను ఎవరూ నిషేధించలేదు, నిషేధించే అవసరమే రాలేదు. విడివిడిగా సభ్యత్వం ఇవ్వాలన్న 1954 నాటి వాదన నెగ్గి ఉంటే పేటల్లో కొంతైనా మిగిలేది.

గోదారిగట్టు

ఏడో చార్టు కింద "ఈ పోరాటంతో ఆడవాళ్ళకు పాస్‌లు ఆగిపోయాయి" అని ఒక వాక్యం చిత్తుప్రతిలో ఉంది. ఉంచవచ్చా?

చట్టంచదువు

ఉంచకండి, అది నిజం కాదు. ఆలస్యం చేయగలిగారు, ఆపలేకపోయారు. 1956 చివరికే చిన్న ఊళ్ళలో వేలమందికి పుస్తకాలు అందాయి. నర్సులను, ఉపాధ్యాయినులను ఉద్యోగం ముడిపెట్టి లొంగదీశారు. 1963 ఫిబ్రవరి 1 నుంచి ఆఫ్రికన్ ఆడవాళ్ళందరికీ తప్పనిసరి. పాస్ చట్టాలు పోయింది 1986లో.

ఆ చార్టు కింద ఇలా రాయండి: "ఆడవాళ్ళకు పాస్‌లు తప్పనిసరి చేయడానికి ప్రభుత్వానికి 1952 చట్టం తర్వాత పదేళ్ళకు పైగా పట్టింది." ఇది కచ్చితంగా చెప్పగలిగిన మాట.

తూర్పుకనుమ

నలుగురి తర్వాతి జీవితం గురించి ఎనిమిదో చార్టుకు కొంత. హెలెన్ జోసెఫ్‌ను 1962 అక్టోబర్‌లో గృహ నిర్బంధంలో పెట్టారు. ఆ దేశంలో ఆ శిక్ష పడ్డ మొదటి మనిషి ఆమే. ఎన్‌గోయిని ఆర్లాండోలోని ఇంటికి కట్టిపడేశారు. కుట్టుపని మీద బతికింది, 1980లో చనిపోయింది. జోసెఫ్ 1992 డిసెంబర్ 25న పోయింది. ఇద్దరినీ పాతిపెట్టింది సోవెటోలోని అవలాన్ శ్మశానంలోనే. ప్రదర్శన నాటికి నిండు గర్భిణి అయిన రహీమా మూసా 1993లో మరణించింది. జోహన్నెస్‌బర్గ్‌లోని కొరొనేషన్ ఆసుపత్రికి 2008లో ఆమె పేరు పెట్టారు, తల్లీబిడ్డల ఆసుపత్రి అది. సోఫియా విలియమ్స్-డి బ్రుయిన్‌కు ఆ రోజున 18 ఏళ్ళు, నలుగురిలో అందరికంటే చిన్నది.

ఫోటో కింద పేర్లు రాసేటప్పుడు ఎవరు ఎటువైపు ఉన్నారో సరిచూసుకుని రాయండి, చాలాచోట్ల తారుమారు చేసి వేస్తున్నారు. పేరుతో పాటు జాతి రాయడం మానేసి, ఏ సంఘం తరఫున వచ్చారో రాస్తే సంఘం కట్టుబడి చివరి దాకా అర్థమవుతుంది.